ఎర్రపిడి లివర్

లేపాక్షి బసవన్న నీడలో టెంకాయలు పెట్టుకుని కూర్చున్న మనిషి నిజానికి టెంకాయల వ్యాపారి కాదు. పేరు యేసన్న. సీక్రెట్ సర్వీసులో పాతకాపు. ఇంట్లో ముగ్గురు పిల్లలు, వాళ్ళలో చిన్నదానికి ఇంకా పాలపళ్ళు కూడా ఊడలేదు. ఆ పొద్దున అతను తలపాగా కొసతో మెడ తుడుచుకుంటూ దారివైపే చూస్తున్నాడు. రావలసిన మనిషి ఇంకా రాలేదు. రావలసిన మనిషి ఆలస్యం చేస్తే ఏదో ఒక చెడు వినవలసి వస్తుందని అతని భయం.

చివరికి ఏజెంట్ తిప్పన్న వచ్చాడు. ఖాకీ చొక్కా, భుజాన మందు కొట్టే పంపు. లోకానికి అతను ఊరూరా తిరిగి దోమల మందు కొట్టే జీపు డ్రైవరు. కన్నతల్లికి కూడా అంతే తెలుసు.

"టెంకాయ ఎంతన్నా?"

"బసవన్నకా, నీకా?"

"బసవన్న యాడ తింటాడు. నాకే."

కోడ్ సరిపోయింది. యేసన్న టెంకాయ అందించబోయాడు. చాచిన చెయ్యి అలాగే ఆగిపోయింది. చప్పుడేమీ కాలేదు. సైలెన్సర్ బిగించిన పిస్టల్ అయ్యుండాలి. యాత్రికుల గుంపులోంచి ఎవరు కాల్చారో, ఎటు పోయారో తిప్పన్న చూసేలోపే యేసన్న అతని ఒళ్ళోకి ఒరిగిపోయాడు.

"పాలపిండి డబ్బాల్లో విషం పెట్టినారు" అన్నాడు యేసన్న, ఒక్కో మాటా కూడదీసుకుంటూ. "కంపలపల్లి గంజి కేంద్రానికి... డాక్టరు తీసకపోయినాడు... నువ్వు పో, నన్ను చూడొద్దు."

అంతే. ముగ్గురు పిల్లల తండ్రి కళ్ళు అలాగే తెరుచుకుని ఉండిపోయాయి. తిప్పన్న వాటిని మూశాడు. నల్లమాడ పక్కన ఉన్న ఆ కంపలపల్లిలో గంజి కాచేది అతని తల్లి నారాయణమ్మ.

* * *

సత్రం వెనక గదిలో చీఫ్ కూర్చుని ఉన్నాడు. తెల్లటి పంచె, నుదుట విభూతి, చేతిలో జపమాల. ఆ జపమాలలోనే చిన్న వైర్‌లెస్ ఉంది. బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది.

వర్షాలు రెండేళ్ళుగా లేవు. అనంతపురం జిల్లా అంతా గంజి కేంద్రాల మీద బతుకుతున్న కాలం. జనం గంజి కేంద్రాలను నమ్మడం మానేస్తే చాలు, దేశం లోపలినుంచే కూలిపోతుందని ఒక విదేశీ ముఠా లెక్క వేసింది. వాళ్ళ మనిషికి మారుపేరు 'డాక్టర్'. రిలీఫ్ డాక్టరు వేషంలో జీపులో పాలపిండి డబ్బాలు వేసుకుని తెల్లవారకముందే వెళ్ళిపోయాడు. అవతల నల్లమాడకు టెలిగ్రాఫ్ తీగ కూడా కోసి పెట్టారు. అంటే మనిషే పోవాలి.

"విషం నిదానంగా పని చేస్తుంది" అన్నాడు చీఫ్. "తాగిన గంట వరకు ఏమీ తెలియదు."

తిప్పన్నకు తల్లి గుర్తొచ్చింది. కంపలపల్లిలో ఒక పద్ధతి ఉంది. దేశం కాని దేశపు పాలపిండి మీద పుకార్లు లేచినప్పుడు దాన్ని పెట్టింది అతని తల్లే. మిట్టమధ్యాహ్నం రైలుపట్టా ముక్క మీద గంట కొడతారు. అప్పుడు నారాయణమ్మ అందరూ చూసేలా అరుగెక్కి మొదటి గిన్నె తాను తాగి, గిన్నె బోర్లించి చూపిస్తుంది. ఆ తర్వాతే పిల్లలు వరసలో కూర్చుంటారు. ఆమె తాగి బాగానే నిలబడి ఉంటే ఇక ఎవరికీ అనుమానం ఉండదు. ఊళ్ళోని పిల్లలంతా తాగేస్తారు. మొదట తల్లి. తర్వాత అందరూ.

"నీతోపాటు పట్టుపురుగు అనే ఏజెంటు వస్తుంది" అన్నాడు చీఫ్. "డాక్టర్ ముఖం చూసింది ఆమె ఒక్కతే. మనకూ పనిచేస్తుంది, వాళ్ళకూ పనిచేస్తుంది. ఈరోజు ఎవరి పక్కనో నాకూ తెలియదు. ఒక కన్ను వేసి ఉంచు."

పట్టుపురుగు అప్పటికే బయట జీపు వెనక సీట్లో కూర్చుని ఉంది. ధర్మవరం పట్టుచీర, నల్లకళ్ళద్దాలు, ఒళ్ళో వెండి పౌడరు డబ్బా. బొంబాయి నుంచి చీరలు కొనడానికి వచ్చిన వ్యాపారి భార్య వేషం. ఆ డబ్బాలో పౌడరు తప్ప ఏదైనా ఉండవచ్చని తిప్పన్న అనుకున్నాడు.

సర్వీసులో పరికరాలు చూసే ఇంజనీరు సుబ్బన్న జీపు పక్కన నిలబడి ఉన్నాడు. తిప్పన్న కలంలో దాగే పిస్టలో, పొగ వదిలే సిగరెట్టో ఇస్తాడనుకున్నాడు. సుబ్బన్న గేరు కర్ర పక్కన ఉన్న రెండు చిన్న లివర్లు చూపించాడు. ఒకదానికి ఎర్రపిడి, ఇంకోదానికి నల్లపిడి.

"ఇదే ఈరోజు నీ ఆయుధం. ఎర్రపిడి వేస్తే ముందు చక్రాలు కూడా లాగుతాయి. ఫోర్ వీల్. నల్లపిడి లో గేరు, అది ఎర్రపిడి వేసినాకే. రోడ్డు మీద రెండూ ముట్టుకోవద్దు, వెనక చక్రాలు చాలు."

"నాలుగూ లాగితే ఇంకా మంచిది కదన్నా?"

సుబ్బన్న తల అడ్డంగా ఊపాడు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు కొంచెం పెద్ద చుట్టు తిరగాలి, వెనకవి చిన్న చుట్టు తిరుగుతాయని చెప్పాడు. రోడ్డు మీద ముందువి వేరుగా ఉంటాయి కాబట్టి బాధ లేదు. ఎర్రపిడి వేస్తే ముందూ వెనకా ఒకే కాడికి కట్టినట్టు అయిపోతాయి. ఇసుకలో, బురదలో చక్రం కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. గట్టి నేల మీద జారదు. అప్పుడు ఆ మెలి అంతా లోపలి గేర్లలోకి ఎక్కుతుంది. స్టీరింగు బిగుసుకుంటుంది, టైర్లు కీచుమంటాయి, లివర్ లాగినా రాదు. అయినా తోలితే పళ్ళు విరుగుతాయి.

"ఇసకకు ముందే వెయ్యి, దిగబడినాక కాదు. చక్రాలు తిన్నగా పెట్టి, క్లచ్చి తొక్కి, మెల్లగా పోతా వెయ్యి. ఇసకలో ఆగొద్దు. గట్టి నేల తగిలిన వెంటనే తీసెయ్. అర్థమయిందా?"

పట్టుపురుగు అంతా వింటూ కూర్చుంది. తర్వాత తన చేతిసంచి మరిచానని లోపలికి వెళ్ళింది. అప్పుడు సుబ్బన్న ఇంకో మాట చెప్పాడు: "పొరపాటున బిగుసుకుంటే బలం పెట్టి లాగొద్దు. వచ్చిన దారినే తిన్నగా వెనక్కి పో. మెలి విడుస్తుంది, లివర్ దానంతట అదే వదుల్తుంది."

వెనక రెండు రాగిపిండి మూటలు వేసి ఉన్నాయి. ఇవి ఎందుకని తిప్పన్న అడిగాడు. ఇసుకలో వెనక బరువుంటే చక్రానికి పట్టు దొరుకుతుందట. ఇసుక బస్తాలైతే చూసినవాళ్ళకు అనుమానం వస్తుంది కాబట్టి రాగిపిండి అట.

* * *

పెనుకొండ దాకా రోడ్డు నున్నగా ఉంది. తిప్పన్న వెనక చక్రాల మీదే తోలాడు. దారిపొడుగునా ఎండిన వేరుశనగ చేలు, కొమ్మలు నరికిన చెట్లు. మేకలకు ఆకు కూడా మిగలని చోట మనిషి పిల్లలకు ఏం మిగులుతుంది. అమ్మ పొద్దున ఏమైనా తిన్నదో లేదో. తినకపోతే గంజి ఇంకా ఆకలిగా తాగుతుంది. అతను కాలు ఇంకొంచెం గట్టిగా నొక్కాడు.

పెనుకొండలో రేడియేటర్‌కు నీళ్ళు పోయాలని ఆగాడు. బానెట్ ఎత్తి నీళ్ళు పోస్తున్నంతసేపు ముందుభాగం అంతా అతనికి అడ్డంగానే ఉంది. వెనక సీట్లోంచి ముందుకు ఎవరు వంగినా కనిపించదు.

ఊరు దాటాక కంకర దారి, ఆ తర్వాత కొండను చుట్టిపోయే రాతి దారి. మొదటి మలుపులో స్టీరింగు కాస్త బరువనిపించింది. రెండో మలుపులో టైర్లు కీచుమన్నాయి. మూడో మలుపు సగంలో జీపు ఎవరో వెనకనుంచి పట్టి లాగుతున్నట్టు మొండికేసింది. తిప్పన్న కిందికి చూశాడు. ఎర్రపిడి ముందుకు పడి ఉంది.

లాగాడు. రాలేదు. రెండు చేతులా లాగాడు. కదలలేదు.

"చెడిపోయినట్టుంది" అంది వెనకనుంచి పట్టుపురుగు. గొంతు తీయగా ఉంది. అతను తిరిగి చూసేసరికి పౌడరు డబ్బా తెరిచి ఉంది. అద్దం కింద చిన్న పిస్టల్ గొట్టం. "మీ ఇంజనీరు చాలా బాగా చెప్పాడు. నాకు అన్నీ అర్థమయ్యాయి. ఇక్కడినుంచి నడిచి వెళ్ళు తిప్పన్నా. ప్రాణం తియ్యమని నాకు చెప్పలేదు. ఆలస్యం చేయమన్నారంతే."

"ఆడ పసిబిడ్డలుండారమ్మా."

"నాకు చెప్పింది నేను చేస్తున్నాను."

నడిస్తే సాయంత్రం అవుతుంది. అప్పటికి అరుగు మీద తల్లి, వరసల్లో పిల్లలు, అందరూ నేల మీద పడి ఉంటారు. ఎవరు ఎవరిని లేపుతారు? తిప్పన్న తల వంచుకుని దిగబోతున్నట్టు నటించాడు. ఎడమకాలు క్లచ్చి మీద ఉంది. మెల్లగా రివర్స్ వేశాడు. ఒక్కసారిగా వదిలాడు.

జీపు వెనక్కి దూకింది. పట్టుపురుగు ముందుకు తూలి సీటు కడ్డీకి నుదురు కొట్టుకుంది. పౌడరు డబ్బా ఎగిరి రాళ్ళలో పడింది. చక్రాలు తిన్నగా వెనక్కి దొర్లాయి. కింద ఎక్కడో 'టక్'మని చప్పుడైంది. ఎర్రపిడి వెన్నముద్దలా వెనక్కి వచ్చింది.

"ఇది ఆయన చెప్పలేదే" అంది ఆమె నుదురు పట్టుకుని.

"చెప్పినాడు. నువ్వు సంచికి పోయింటివి."

పంపు రబ్బరు గొట్టంతో చేతులు కట్టి ఒక బండ నీడలో కూర్చోబెట్టాడు. రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చి తన నీళ్ళసీసా ఆమె అందుకునేలా పెట్టాడు. ఎంత శత్రువైనా ఎండకు చచ్చిపోతే ఎవరింట్లోనో ఒక తల్లి ఏడుస్తుంది కదా. ఆ సీసా తప్ప జీపులో వేరే నీళ్ళు లేవు.

* * *

చిత్రావతి పేరుకే నది. గట్టు మీదనుంచి చూస్తే తెల్లటి ఇసుక తప్ప ఏమీ లేదు. దూరంగా కొందరు ఆడవాళ్ళు చెలమలు తవ్వుకుని, ఊరిన నీళ్ళు చిప్పలతో కడవల్లోకి తోడుకుంటున్నారు. బండ్లు దిగబడకుండా రైతులు ఇసుక మీద అడ్డంగా తంగేడు కంప పరిచి దారి చేస్తారు. ఆ దారి సగం దాకే ఉంది. మిగతా కంప ఏమైందో తిప్పన్నకు తెలుసు. గంజి పొయ్యిలోకి పోయింది.

కంప అయిపోయిన చోటే ఇంకో జీపు అడ్డంగా నిలిచి ఉంది. చక్రాలు ఇరుసు దాకా ఇసుకలో ఉన్నాయి. పక్కన తెల్లకోటు మనిషి.

డాక్టర్. డబ్బాలు దింపేసి తిరిగి వస్తున్నాడు. గట్టు దిగేటప్పుడు వెనక చక్రాల మీదే దిగాడు. దిగబడ్డాక ముందు చక్రాలు కలిపి, రెండు జతలతోనూ గుంటలు తవ్వుకున్నాడు. సుబ్బన్న వద్దన్న పని అచ్చంగా అదే.

తిప్పన్న గట్టు మీదనే ఆగాడు. గంట ఎప్పుడు మోగుతుందో అని చెవులు అటే ఉన్నా, ఆగాడు. చక్రాలు తిన్నగా పెట్టి క్లచ్చి తొక్కి ఎర్రపిడి వేశాడు. తర్వాత నల్లపిడి. అప్పుడు దిగాడు. కంప కింద పటపటమంది. తొందరపడకుండా, నిదానించకుండా, ఒకే పాటున పోనిచ్చాడు.

డాక్టర్ చెయ్యి ఊపాడు. తర్వాత ఆ చేతిలోకి రివాల్వర్ వచ్చింది. ఆపమని అరుస్తున్నాడు. ఆపితే ఈ జీపు కూడా అక్కడే పాతుకుపోతుంది. ఆపకపోతే తూటా. తిప్పన్న తల కిందికి వంచి, కంప దారి వదిలి వట్టి ఇసుకలోకి తిప్పాడు. జీపు మునిగింది. నడుము దాకా ఎవరో పట్టుకున్నట్టు బరువెక్కింది. వెనక మూటలు అదిమిపట్టాయి, ముందు చక్రాలు గోకి గోకి లాగాయి. రెండు తూటాలు. ఒకటి బానెట్ కింద తగిలి తెల్లటి ఆవిరి లేచింది. ఇంజన్ కేక పెట్టినట్టు మోగింది, కానీ ఆగలేదు.

చెలమల దగ్గర ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. "వాన్ని పట్టుకోండక్కా, పిల్లల గంజిలో విషం కలిపినాడు" అని అరిచాడు తిప్పన్న, ఆగకుండానే. వాళ్ళకు రెండోసారి చెప్పవలసిన అవసరం రాలేదు. కడవలు దించి, గడ్డపారలు పట్టుకుని వాళ్ళు తెల్లకోటు వైపు నాలుగు దిక్కులనుంచీ నడిచారు. రివాల్వర్‌లో తూటాలకంటే వాళ్ళే ఎక్కువమంది. డాక్టర్ అది చూసుకున్నట్టున్నాడు, చేతులెత్తాడు.

జీపు అవతలి గట్టెక్కింది. అప్పుడే వినిపించింది.

ఠంగ్.

రైలుపట్టా ముక్క.

అమ్మ.

తిప్పన్న ఒక్క క్షణం నిలిపి నల్లపిడి తీశాడు, వేగం కావాలి కాబట్టి. వెంటనే కాలు నొక్కేశాడు. ఊరి ముందు చదునైన బండ, దాని మీదే మలుపులు తిరిగే దారి. ఊహలో అరుగు ఎక్కుతున్న తల్లి తప్ప అతని కళ్ళకు ఇంకేమీ కనిపించడం లేదు. మొదటి మలుపులో టైర్లు కీచుమన్నాయి. అతను వినలేదు. రెండో మలుపులో స్టీరింగు బిగిసింది. బలమంతా పెట్టి తిప్పాడు. అప్పుడు చూశాడు కిందికి. ఎర్రపిడి ఇంకా ముందుకే ఉంది.

సుబ్బన్న చెప్పిన ఆ ఒక్క మాట: గట్టి నేల తగిలిన వెంటనే తీసెయ్. పొద్దుననుంచీ మంత్రంలా అనుకుంటూ వచ్చిన మాట.

అడుగున ఏదో పటేలుమని విరిగింది. ఇంజన్ మోగుతూనే ఉంది, నాలుగు చక్రాల్లో ఒక్కటీ తిరగలేదు.

అతను దూకి పరుగెత్తాడు. నీళ్ళు లేక గొంతు అంటుకుపోయింది. అరిస్తే గాలి తప్ప మాట రాలేదు. గంజి కేంద్రం ముందు జనం కనిపించారు. అరుగు మీద నారాయణమ్మ, చేతిలో గిన్నె. పిల్లలందరి కళ్ళూ ఆ గిన్నె మీదే. గిన్నె పెదాల దాకా వెళ్ళింది.

అప్పుడు ఆమె దారివైపు చూసింది. దుమ్ములో తూలుతూ వస్తున్న మనిషిని ముందు పోల్చుకోలేదు. తర్వాత పోల్చుకుంది. గిన్నె కిందికి దించి, అరుగు దిగి, ఎదురొచ్చింది.

"ఏం నాయనా, ముఖమంతా పీక్కపోయిందే. ఎన్నాళ్ళాయ అన్నం తిని?" గిన్నె అతని చేతుల్లో పెట్టింది. "నేను తాగేదానికేముంది, ముందు నువ్వు తాగు."

తిప్పన్న గిన్నె అందుకున్నాడు. ఒక చుక్క కూడా లోపలికి పోలేదని ఆమె పెదాలు చూసి నిశ్చయించుకున్నాడు. అప్పుడు గిన్నె నేలకేసి కొట్టాడు. పొయ్యి దగ్గరకు పోయి, రెండు చేతులూ కాలుతున్నా, గంజి డేగిసా తోసి పడేశాడు.

తెల్లటి గంజి ఎర్రమట్టిలోకి ఇంకిపోతుంటే ఆకలిగొన్న ఊరు ఊరంతా నోరు తెరిచి చూసింది. తర్వాత పిల్లలు కదిలారు. వంగి, దోసిళ్ళతో, మట్టి మీదిది ఎత్తుకోబోయారు. తిప్పన్న వాళ్ళమధ్య మోకాళ్ళ మీద పడి పిచ్చివాడిలా గంజి మీదికి మట్టి ఎగదోశాడు. ఒక చిన్న పిల్ల చేతిని పట్టుకుని తన చొక్కాకు తుడిచాడు. పెద్దవాళ్ళు అతన్ని జుట్టు పట్టుకుని లేపారు. వీపు మీద ఎవరివో దెబ్బలు పడ్డాయి.

నిజం చెప్పడానికి లేదు. చెపితే రేపటినుంచి ఏ ఊళ్ళోనూ ఏ పిల్లా గంజి తాగదు. ముఠాకు కావలసింది కూడా అదే. నదిలో చూసిన ఆడవాళ్ళ నోరు మూయించడం చీఫ్ పని.

"మందు కలిసిందప్పా" అన్నాడు, గొంతు పెగల్చుకుని. "దోమల మందు. డబ్బాలు మార్చి దింపించింది నేనే. తప్పు నాది. తాగితే సస్తారు."

నారాయణమ్మ అందరినీ తోసుకుని వచ్చి కొడుకు చెంప మీద కొట్టింది. మళ్ళీ కొట్టబోయి, ఆ చేత్తోనే అతని తల దగ్గరికి తీసుకుంది.

"పిల్లోల్లకు ఏం పెట్టాలరా ఇప్పుడు?"

తిప్పన్న ఊరి బయట ఆవిరి కక్కుతున్న జీపు వైపు చూపించాడు. "రాగిపిండి ఉండాది. రెండు మూటలు."

మూటలు మోసుకు రావడానికి నలుగురు పరుగెత్తారు. ఎసరు మళ్ళీ పెట్టారు. గంట మళ్ళీ కొట్టారు. ఈసారి నారాయణమ్మ అరుగెక్కి మొదటి గిన్నె తాగి బోర్లించినప్పుడు, తిప్పన్న గంటసేపు ఆమె ముఖం మీదనుంచి కళ్ళు తిప్పలేదు. రాగిపిండి అని తెలిసినా సరే.

* * *

పొద్దు వాలేవేళకు చీఫ్ వచ్చాడు, దోమల మందు పెద్దాఫీసరు వేషంలో. వ్యానులో డాక్టర్, పట్టుపురుగు ఎదురెదురుగా కూర్చుని ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. సుబ్బన్న జీపు కిందికి దూరి చాలాసేపటికి బయటికి వచ్చాడు, చేతిలో రెండు విరిగిన గేరు పళ్ళు.

"వాడేమో ఇసకకు ముందే ఎర్రపిడి వేయడం మరిచినాడు" అన్నాడు. "నువ్వేమో బండ మీద తీయడం మరిచినావు. ఇద్దరికీ నేనే పాఠం చెప్పినట్టుంది."

తిప్పన్న ఆ పళ్ళు తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు.

నారాయణమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంటూ పెద్దాఫీసరు దగ్గరికి వచ్చింది. కొడుకు వినకుండా గొంతు తగ్గించింది. చీఫ్ జపమాల జేబులోకి తోసి వినయంగా వంగాడు.

"అయ్యా, వానికి జీపు తోలేది సరిగా రాదు, నువ్వే చూసినావు గదా. దోమల పనైతే ప్రాణానికి ఏ భయమూ ఉండదని పంపిస్తి. ఇదీ పోతే వానికేం దిక్కు. ఏదన్నా నీడలో కూసోని చేసే పని ఇప్పించు."

దేశంలోని రహస్యాలన్నీ దాచుకున్న ఆ మనిషి, ఆమె కళ్ళలోకి చూడలేక, తప్పకుండా చూస్తానమ్మా అని తన సర్వీసులోకెల్లా పెద్ద అబద్ధం ఆడాడు.